ఎలుక మీద కోపం – ఇంటి మీద జాగ్రత్త

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నౌపడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకన్నా ముందు మాట్లాడిన మిత్రులు 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును గుర్తు చేశారు. పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన సర్వీసుకు ప్రతిఫలంగా వచ్చే హక్కు అని చక్కగా వివరించారు. చాలా సంతోషం. అయితే ఆ హక్కును ఒక పుస్తకంలో రాసి మన చేతికిచ్చారు. దాన్నే పి.పి.ఓ. అంటున్నాము. ఆ పుస్తకాన్ని ఎలుక కొట్టేస్తే ఏమవుతుంది? ఆ సంగతి చెప్పడానికే నేను నిలబడ్డాను.

ఎలుకల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు మన కార్యదర్శి గారు నవ్వారు. "కరువు భత్యం బకాయిల గురించి మాట్లాడండి మాస్టారూ" అన్నారు. అయ్యా, బకాయిల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. పైగా అవి మన చేతిలో లేవు. ఎలుకలు మన ఇంట్లోనే ఉన్నాయి.

ఒక స్నేహితుని ట్రంకు పెట్టె

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మీలో ఎవరూ మరచిపోలేరు. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకూలాయి. మనకు రోజుల తరబడి కరెంటు లేదు. నా స్నేహితుడొకరి పెంకుటిల్లు సగం ఎగిరిపోయింది. గదిలో తడిసిన సామానంతా అటక మీదికి, అటక మీదిది వసారాలోకి మార్చారు. అందులో ఒక పాత ఇనుప ట్రంకు పెట్టె ఉంది. మన ఊరి ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. పెట్టె అడుగు ఒక మూల తుప్పు పట్టి, బొటనవేలు పట్టేంత కన్నం పడింది. ఆ సంగతి ఎవరూ చూడలేదు.

మరుసటి యేడు ఆయన కాలం చేశారు. పదకొండో రోజు కర్మ అయ్యాక, కుటుంబ పెన్షను కాగితాలు రాసి పెట్టమని ఆయన భార్య నన్ను పిలిపించారు. ట్రంకు పెట్టె తెరిచాము. పి.పి.ఓ. పుస్తకం ఉండవలసిన చోట దూది పింజెల్లాంటి కాగితపు ముక్కల గూడు ఉంది. ఆ గూట్లో కళ్లు తెరవని ఎర్రటి పిల్లలు ఆరు ఉన్నాయి. జంట ఫోటో సగం లేదు. బ్యాంకు పుస్తకం అంచులన్నీ రంపంతో కోసినట్టున్నాయి. ఆవిడ ఏడవలేదు. "ఆయన జీవితమంతా కాగితాలు భద్రం చేశారు బాబూ" అని మాత్రం అన్నారు.

ప్రభుత్వం వద్ద రెండో ప్రతి ఉంటుంది, నిజమే. కాని నంబరు తెలియాలి, దరఖాస్తు పెట్టాలి, పేరులో ఒక అక్షరం తేడా వస్తే దానికి మరొక ధ్రువపత్రం తేవాలి. ఆవిడకు మొదటి కుటుంబ పెన్షను అందడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ కూతురి ఇంట్లో ఉన్నారు. నేను ఏ కార్యాలయాన్నీ తప్పు పట్టడం లేదు. నేను కూడా గుమాస్తాగా ముప్పై యేళ్లకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నవాడినే. కాగితం లేనిదే ఫైలు కదలదు. తప్పు కాగితాన్ని ఎలుకకు అప్పగించిన మనది.

ముందు శత్రువును గుర్తుపట్టాలి

మనం అన్నిటినీ ఎలుకలనే అంటాము గాని, మన ఇళ్లలోకి వచ్చేవి నాలుగు రకాలు. మొదటిది చిట్టెలుక. బొటనవేలంత ఒళ్లు, ఒంటికి సమానమైన తోక. దీని రెట్ట బియ్యపు గింజంత ఉంటుంది. రెండవది ఇంటి ఎలుక. ఇది వాసాలు, దూలాలు, కొబ్బరి చెట్లు ఎక్కుతుంది. తోక ఒంటికన్నా పొడవు. మూడవది పందికొక్కు. ఇది పెరట్లో, గట్ల మీద బొరియలు తవ్వి మట్టి కుప్ప పోస్తుంది. నాలుగవది చుంచు. మూతి పొడవుగా ఉండి, కిచకిచలాడుతూ గోడవారగా పరుగెడుతుంది, కంపు కొడుతుంది. అసలు చుంచు ఎలుకల జాతిదే కాదు. బొద్దింకలను, పురుగులను తిని బతుకుతుంది. కాగితాలు కొట్టేది అది కాదు. దాన్ని చీపురుతో బయటకు తోలితే సరిపోతుంది.

ఈనాటి నా ప్రసంగం ముఖ్యంగా చిట్టెలుక గురించి. దాని లెక్క ఒకసారి వినండి. గుమాస్తాను గనుక లెక్క చెప్పకుండా ఉండలేను. చిట్టెలుక కడుపుతో ఉండేది సుమారు 20 రోజులు. ఈతకు 5 లేక 6 పిల్లలు. యేడాదికి 5 నుంచి 10 ఈతలు. పుట్టిన పిల్ల 6 వారాలకల్లా తానూ పిల్లలు పెట్టడానికి సిద్ధమవుతుంది. కరువు భత్యం కన్నా త్వరగా పెరిగేది నాకు తెలిసి ఇదొక్కటే!

రోజుకు అది తినేది 3, 4 గ్రాములు మాత్రమే. కాని రోజుకు 50కి పైగా రెట్టలు వేస్తుంది, నడిచినంత మేరా మూత్రం పోస్తుంది. అంటే తినేదానికన్నా పాడు చేసేది ఎక్కువ. దాని ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుకే ఆకలి లేకపోయినా కర్ర, కాగితం, కరెంటు వైరు, ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది. ఫ్రిజ్ వెనుక వైరు కొరికితే మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది.

ఈ నెలల్లోనే ఎందుకు ఎక్కువ?

మన ప్రాంతంలో వరి కోతలు ముగిసే కాలం ఇది. చేలో తిండి, చాటు రెండూ ఒక్కసారి పోతాయి. అప్పుడు ఎలుకలు కళ్లాలకు, కళ్లాల నుంచి గాదెలకు, అక్కడి నుంచి ఇళ్లకు వస్తాయి. నా చిన్నప్పుడు మన స్టేషనులో పర్లాకిమిడి చిన్న రైలు ఆగేది. 1900లో మొదలైన ఆ లైను 2004లో ఆగి, 2011లో పెద్ద లైనుగా మళ్లీ వచ్చింది. ఆ చిన్న బండిలో బియ్యం బస్తాలు వచ్చినప్పుడల్లా, బస్తాలతోపాటు టిక్కెట్టు లేని ప్రయాణికులు దిగేవని మా నాన్నగారు అనేవారు. నేటికీ అంతే. కొత్త బియ్యం బస్తా, పాత అట్టపెట్టె ఇంట్లోకి తెచ్చేముందు ఒకసారి బయటే దులిపి చూడాలి.

వయసు మీరినవారికి ఎందుకు ముప్పు?

మన ఇళ్లలో చక్కెర వ్యాధి లేనివారు తక్కువ. ఆ వ్యాధి ముదిరినవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. రాత్రి ఎలుక వేలు కొరికినా తెలియదు. తెల్లారి పక్క మీద రక్తం చూసేవరకు తెలియకపోయినవారున్నారు. చక్కెర వ్యాధి ఉన్నవారికి పాదం మీద పుండు ఎంత చిన్నదైనా చిన్నది కాదు. పడుకునేముందు కాళ్లు కడిగి తుడుచుకోండి. పక్క మీద తినుబండారాలు ఉంచుకోకండి. దోమతెర అంచు పరుపు కిందికి దోపండి. తెల్లారగానే పాదాలు చూసుకోండి.

రెండవది ఎలుక జ్వరం. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుక మూత్రం కలిసిన నీటిలో, బురదలో నడిచినప్పుడు కాలి పగుళ్ల గుండా, పుండ్ల గుండా ఆ క్రిమి ఒంట్లో ప్రవేశిస్తుంది. తుఫాను, వరద తర్వాత ఎక్కువ. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడడం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదట్లోనే డాక్టరు దగ్గరకు వెళ్తే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. వరద నీటిలో తిరిగిన తర్వాత జ్వరం వస్తే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చి దేశమంతా వణికిన రోజులు మనకందరికీ గుర్తే. మూతికి గుడ్డ కట్టుకొని ఆఫీసుకు వెళ్లాము. ఇప్పుడు అంతటి భయం అవసరం లేదు గాని, ఎలుకను వినాయకుని వాహనమని ఊరుకోవడానికి వీల్లేదని అది నేర్పింది.

మూడవది, ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. పెరటి గదిలో ఎలుకలు తగ్గితే పాములు కూడా తగ్గుతాయి. పల్లెలో ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

నేను చేసిన తప్పు

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

స్నేహితుని ట్రంకు పెట్టె చూసి వచ్చిన వారంలోనే మా ఇంట్లో ఎలుకలన్నిటినీ ఒకేసారి చంపేయాలన్న కోపం పట్టుకుంది నాకు. దుకాణంలో ట్యూబులో అమ్మే ఎలుకల పేస్టు కొన్నాను. టమాటా ముక్కల మీద రాసి మంచం కింద, బీరువా వెనుక, వంటగది మూలలో పెట్టాను. ఎక్కడెక్కడ పెట్టానో మా ఇంటావిడకు కూడా సరిగా చెప్పలేదు. మరునాడు మా అమ్మాయి, మూడేళ్ల మనవడు వచ్చారు. మధ్యాహ్నం నేను పేపరు చదువుతున్నాను. "ఏమండీ, బాబు చేతిలో అదేమిటండీ?" అని మా ఆవిడ కేక వేసింది. వాడు మంచం కింద నుంచి టమాటా ముక్క పట్టుకొని వస్తున్నాడు. వేళ్లకు పేస్టు అంటి ఉంది. నోట్లో పెట్టుకున్నాడో లేదో చెప్పే వయసు కాదు.

టెక్కలి తీసుకెళ్లాము. నోరు, చేతులు శుభ్రం చేసి, రక్త పరీక్షలు చేసి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ పేస్టులో ఉండేది పసుపు భాస్వరమని డాక్టరు గారు చెప్పారు. మొదట వాంతులు, కడుపు నొప్పి వచ్చి, తర్వాత ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ పైన కాలేయం దెబ్బతింటుందట. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదట. ఆ మూడు రోజులు మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. అల్లుడు గారు "పరవాలేదు మామయ్యగారూ" అన్నారు. ఆ మాట వినడమే నాకు ఎక్కువ కష్టమైంది.

భగవంతుని దయ వల్ల వాడు నోట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టని మన పెద్దలు ఊరికే అనలేదు.

విషాల గురించి నేను తెలుసుకున్నది రెండు ముక్కల్లో చెబుతాను. పసుపు భాస్వరం పేస్టు ఇంట్లోకే రానివ్వకండి. జింకు ఫాస్ఫైడ్ అనే నల్లటి పొడి కడుపులోకి వెళ్తే విషవాయువు పుడుతుంది. దానికి కూడా విరుగుడు లేదు. అది ఇంట్లో ఉండదగినది కాదు. బ్రోమాడియోలోన్ అనేది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. ఎలుక కొన్ని రోజులకు చస్తుంది. మనిషికి పొరపాటున తగిలితే విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. పొలాల్లో వ్యవసాయ శాఖ వారు 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు ఈ మందు కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టిస్తారు. అది ఊరంతా కలిసి పొలంలో చేసే పని. మన మంచాల కింద చేసే పని కాదు.

పొరపాటు జరిగితే ఇంట్లో వాంతులు చేయించకండి. పాలు, నూనె పట్టించకండి. మందు ట్యూబో పొట్లమో చేత్తో పట్టుకొని, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉండిపోకండి.

మరి చేయవలసిందేమిటి?

ఆసుపత్రి నుంచి వచ్చాక నాకు దారి చూపినవాడు డాక్టరు కాదు, ఇంజనీరు కాదు. ఉప్పు మడుల్లో పని చేసి ముసలివాడైన ఒక మేస్త్రి. మా వసారాలో బోను చూసి అన్నాడు: "ఏటి బాబూ, బోను ఎట్టేసి సేతులు దులుపుకుంటే సాల్దు. అది ఎక్కడ్నుంచి వస్తందో సూడాల. గుమ్మం తెరిసెట్టి దొంగని తోల్తే మల్లీ రాడేటి?"

ఆ మాట మీద నేను చేసిన పని వరుసగా చెబుతాను.

మొదటి పని, చూడడం. రాత్రి పడుకోబోయేముందు గోడల వారగా, తలుపుల దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లాను. తెల్లారి అడుగుల జాడలు చూశాను. వంటగది తూము నుంచి పొయ్యి గట్టు కిందికి, అక్కడి నుంచి బీరువా వెనక్కి దారి కనిపించింది. నేను విషం పెట్టిన చోట్లలో సగం చోట్లకు అది రానే లేదు!

రెండవ పని, మూయడం. చిట్టెలుకకు పెన్సిలు దూరేంత సందు చాలు. తలుపు కింది సందుకు రేకు పట్టీ కొట్టించాను. తూముకు జాలీ బిగించాను. గోడ కన్నాల్లో గాజు పెంకులు కలిపిన సిమెంటు పెట్టించాను. ఇనుప పీచు కుక్కమని కొందరు చెబుతారు. మన ఉప్పుగాలికి అది తొందరగా తుప్పు పట్టి రాలిపోతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు మెత్తితే నిలుస్తుంది. గుడ్డలు, కాగితాలు కుక్కితే ఎలుకకు గూడు సామాను మనమే ఇచ్చినట్టు. ఖర్చు మొత్తం మేస్త్రి కూలితో సహా నాకు ఒక నెల మందుల బిల్లు కన్నా తక్కువైంది.

మూడవ పని, పస్తు పెట్టడం. బియ్యం, పప్పులు మూత గట్టిగా ఉన్న డబ్బాల్లోకి మార్చాము. ప్లాస్టిక్ డబ్బా పలచనిదైతే కొరుకుతుంది. రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకూడదు. దేవుడి గది సంగతి మరచిపోకండి. కొబ్బరి చిప్ప, వత్తుల నూనె, పటిక బెల్లం, అన్నీ దానికి ప్రసాదమే.

నాలుగవది పట్టడం. ఇంట్లో మిగిలిన వాటికి బోను. ఒకటి కాదు, నాలుగైదు ఒకేసారి పెట్టాలి. గది మధ్యలో పెడితే లాభం లేదు. ఎలుక గోడను ఒరుసుకొని నడుస్తుంది గనుక గోడవారగా, బోను నోరు దాని దారికి ఎదురుగా ఉండాలి. ఎర కొంచెమే పెట్టాలి. కాల్చిన ఎండు కొబ్బరి, పకోడీ ముక్క, జీడిపప్పు బద్ద, ఎండు చేప, ఏదైనా సరే వాసన రావాలి. చిట్టెలుకకు కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరకు వచ్చి చూసే గుణం ఉంది. రెండు రోజుల్లో పడకపోతే బోను చోటు మార్చండి. పెద్ద ఎలుక అలా కాదు, కొత్త వస్తువును అనుమానిస్తుంది. దానికి మూడు నాలుగు రోజులు తలుపు బిగించకుండా ఎర తినిపించి, ఆ తర్వాత బిగించాలి. స్ప్రింగుకు అప్పుడప్పుడు నూనె చుక్క వేయండి. తుప్పు పట్టిన బోనులో తినేసి వెళ్లిపోతుంది.

మా ఇంటావిడ వినాయకుని వాహనాన్ని చంపనివ్వలేదు. పట్టినవాటిని సంచిలో బోనుతో సహా తీసుకెళ్లి, ఇళ్లకు, పొలాలకు దూరంగా చవిటి నేలల వైపు వదిలాను. పక్కవారి పెరట్లో మాత్రం వదలకండి. సాయంత్రానికి మీకన్నా ముందే ఇంటికి చేరుతుంది! అతుక్కునే అట్టలు అమ్ముతున్నారు. వాటి మీద ప్రాణంతో గంటల తరబడి కొట్టుకోవడం నేను చూడలేకపోయాను. పిల్లులు, తొండలు, పిచ్చుకలు కూడా అంటుకుంటాయి. మా అబ్బాయి ప్లగ్గుకు పెట్టే ధ్వని యంత్రం ఒకటి పంపాడు. నాలుగు రోజులు ఎలుకలు తగ్గినట్టు అనిపించింది. ఐదో రోజు దాని మీదే రెట్ట వేసింది.

ఐదవది శుభ్రం చేయడం. ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకండి. చేతికి తొడుగులు వేసుకొని, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి, తడిగుడ్డతో తుడవండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

మూడు వారాలు పట్టింది. మొత్తం పదకొండు పడ్డాయి. ఆ తర్వాత నెలకొకసారి ముగ్గుపిండి చల్లి చూస్తున్నాను. జాడ కనబడితే ఆ రోజే బోను పెడుతున్నాను.

చివరిగా

ఒక్కరి ఇల్లు బాగు చేసుకుంటే చాలదు. నా ఇంట్లో దారి మూస్తే అది పక్కింటికి వెళ్తుంది. వీధిలో నాలుగిళ్లవారు కలిసి ఒకే వారంలో ఈ పని చేస్తే ఫలితం నిలుస్తుంది. ఒంటరిగా అడిగితే వినని వారు కలిసి అడిగితే వింటారని మన సంఘం మనకు నేర్పింది కదా. ఎలుకల విషయంలో కూడా అదే నియమం.

ఇక ఈ సభ నుంచి ఇంటికి వెళ్లగానే మీరు ఒక పని చేయాలని నా మనవి. మీ పి.పి.ఓ. పుస్తకం ఎక్కడ ఉందో తీసి చూడండి. జిరాక్సులు రెండు తీయించండి. ఒకటి ఇంట్లో వేరే చోట, ఒకటి కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంచండి. మనవలను అడిగి ఫోనులో ఫోటో తీయించండి. అసలు పుస్తకం, జంట ఫోటో, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, అన్నిటినీ మూత బిగువుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. పైన ఒక చీటీ అంటించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ డబ్బా ఎక్కడ ఉందో మీ భార్యకు చూపించండి. చెప్పడం కాదు, చూపించండి. అందులో ఏ కాగితం దేనికి పనికొస్తుందో ఆవిడ చేతనే ఒకసారి చదివించండి.

నా స్నేహితుడు నాకన్నా జాగ్రత్తపరుడు. ఒక కాగితం కూడా పారేయలేదు. కాని ఆ పెట్టె అడుగు ఒక్కసారి తిరగేసి చూడలేదు. ఆయన భార్య ఈనాటి సభకు వచ్చారు. ఈ కథ చెప్పడానికి నిన్ననే ఆవిడ అనుమతి తీసుకున్నాను. "చెప్పండి బాబూ, ఇంకొకరికి అలా జరగకూడదు" అన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పలేదు.

భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. మిగిలినది మాత్రం రాత్రికి మూత పెట్టడం మరువకండి.